ఎండాకాలంలో హుస్సేన్‌సాగర్ ఎందుకంత కంపు కొడుతుంది?

ప్రశ్న: రోజూ సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద వాకింగ్‌కి వెళ్తాను. మార్చి వచ్చిందంటే ముక్కు మూసుకుని నడవాల్సిందే. ఇన్ని కోట్లు పోసే బదులు నీళ్లన్నీ తోడేసి, పూడిక తీసి, మంచి నీళ్లు నింపేస్తే పీడ విరగడవదా?
- ఒక పాఠకురాలు, కవాడిగూడ

జవాబు: అవదండీ, ఎందుకంటే రోగం చెరువులో కంటే దానిలోకి వచ్చే నాలాల్లో ఎక్కువ ఉంది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో కట్టినప్పుడు దీనికి మూసీ నుంచి బల్కాపూర్ కాలువ నీళ్లు తెచ్చేది, ఊరికి తాగునీళ్లు కూడా ఇదే ఇచ్చింది. ఇప్పుడు కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు వచ్చి కలుస్తాయి. వీటిలో పెద్దది కూకట్‌పల్లి నాలా, అది జీడిమెట్ల, బాలానగర్ ఫ్యాక్టరీల పక్క నుంచే వస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి ఏమేం మోసుకొచ్చిందో మీరే ఊహించుకోండి. ఆ మురుగుని దారి మళ్లించి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు, మంచి పనే, కానీ గట్టి వాన పడితే పైపు పట్టనంత నీరు వస్తుంది, మిగిలిందంతా మళ్లీ చెరువులోకే.

ఇక వాసన సంగతి. అడుగున పేరుకున్న బురదని బ్యాక్టీరియా తింటూ నీళ్లలో ఆక్సిజన్ అంతా వాడేస్తుంది. ఎండలకి నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ నిలిచేదే తక్కువ, పైగా బ్యాక్టీరియా ఇంకా జోరందుకుంటుంది. ఆక్సిజన్ అయిపోయాక నీళ్లలోని సల్ఫేట్‌తో బతికే రకం బ్యాక్టీరియా పని మొదలుపెట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, మీకు కొట్టే కుళ్లిన కోడిగుడ్డు కంపు అదే. నాలా మూతి దగ్గర తీసిన బురద కాటుకలా నల్లగా నిగనిగలాడుతుంది చూడండి, అది ఇనుము ఆ సల్ఫైడ్‌తో కలిసిన రంగు. కాసేపు గాలి తగలనిస్తే పైపొర గోధుమరంగుకి తిరుగుతుంది.

ఆ బురదలోనే సబ్బులు, మలమూత్రాల నుంచి వచ్చిన ఫాస్ఫరస్ కూడా దాగి ఉంది. ఆక్సిజన్ లేనప్పుడు అది నీళ్లలోకి దిగుతుంది, నాచుకి అదే ఎరువు. అంటే పైన మంచి నీళ్లు పోసినా మళ్లీ పచ్చబడతాయి. సరే, పూడిక తీద్దామంటే లోహాలు, రసాయనాలు కలిసిన అంత బురదని ఏ ఊరి శివారులో పోస్తారు? అక్కడివాళ్లు ఊరుకుంటారా? నాలా మూతుల దగ్గర కొంత కొంత తీస్తూ, పైనుంచి మురుగు రాకుండా ఆపడమే నాకు తెలిసి దారి. ఫౌంటెన్లు, లైట్లు చూడ్డానికి బాగుంటాయి, అంతవరకే.

ప్రశ్న: తెల్లారేసరికి చేపలు కుప్పలుగా చచ్చి తేలుతుంటాయి. ఎవరైనా రాత్రిపూట విషం కలుపుతున్నారా?

జవాబు: కలిపేవాళ్లు లేరని హామీ ఇవ్వలేను గానీ, చాలాసార్లు దానికి విషమే అక్కర్లేదు. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీలుస్తుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది, ముందు రోజు మబ్బు పట్టి ఉంటే మరీనూ. తొలకరి వాన నాలాల్లో నెలల తరబడి పేరుకున్న చెత్తని ఒక్కసారే తోసుకొచ్చినప్పుడూ ఇదే గతి. చచ్చేముందు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటుంటే ఊపిరాడకే అనుకోవచ్చు. పట్టపగలు మంచి ఎండలో చస్తే మాత్రం అనుమానించాల్సిందే.

ప్రశ్న: అశోక్‌నగర్‌లో ఇల్లు అద్దెకి చూస్తున్నాం. చెరువు నిండితే మునుగుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెరువు నిండు మట్టం సముద్రమట్టానికి 513.41 మీటర్ల ఎత్తు. ఆ పైన వచ్చే నీరు అలుగు దాటి నాలాలో పడి దోమల్‌గూడ, అశోక్‌నగర్, నల్లకుంట మీదుగా మూసీకి పోతుంది. నాలా ఒరుసుకుని ఇళ్లు లేచాయి, దానికి తోడు ఆ బస్తీల వాన నీరు కూడా అందులోకే రావాలి, కాబట్టి కట్టకి ఏమీ కాకపోయినా కింద వీధులు మునగొచ్చు. 2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు అదే జరిగింది. అలాగని అశోక్‌నగర్ మొత్తం మునుగుతుందని కాదు, నాలాకి ఎంత దూరం, ఎంత ఎత్తు అన్నదే లెక్క. బ్రోకర్ మాట పక్కనపెట్టి పక్కింట్లో కింది పోర్షన్ వాళ్లని అడగండి, గోడల మీద నీటి చారలు చూడండి, కరెంటు మీటరు ఎంత ఎత్తున బిగించారో కూడా గమనించండి. కుదిరితే మొదటి అంతస్తు తీసుకోండి.