జేక్ బర్టన్ గురించి రాసిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. వాక్యం శుభ్రంగా ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మర్చిపోతానేమో.

నాకు ఒళ్లు మండింది మూడో పేజీలో. జేక్ బర్టన్ కార్పెంటర్ 1977లో అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని లండన్‌డెరీ చేరి స్నోబోర్డులు (మంచు మీద నిలబడి జారే పలకలు) చెయ్యడం మొదలుపెట్టాడన్నావు, బాగుంది. వెంటనే 'ఎన్నో ఒడిదుడుకుల అనంతరం' అన్నావు. పేరా మారేసరికి ఆయన కంపెనీ ఒలింపిక్స్‌లో అమెరికా స్నోబోర్డర్లకి బట్టలు కుట్టించి ఇస్తోంది! మనిషి యవ్వనమంతా మూడు మాటల్లో చుట్టేశావు.

డబ్బు ఎక్కడిది? ఎవరి జీవితకథ చేతికొచ్చినా నేను ముందు వెతికేది అదే. ఆయనకి వారసత్వంగా కొంత సొమ్ము వచ్చింది, దాంతోనే దుకాణం మొదలైంది. ఆ సొమ్ము కరిగిపోయింది. తొలి ఏడాది అమ్ముడైన బోర్డులు కొన్ని వందలే. పగలు బోర్డులు చేస్తూ, రాత్రిళ్లు బార్‌లో మందు పోస్తూ, ఎండాకాలం టెన్నిస్ నేర్పుతూ నెట్టుకొచ్చాడు. ఇవి నీకు తెలియక కాదు. నీ నోట్సులో ఉన్నాయి (పొరపాటున అదీ జతచేశావు, మంచిదైంది). మరి వ్యాసంలోకి ఎందుకు రానివ్వలేదు? వారసత్వపు సొమ్ముందంటే హీరో చిన్నబోతాడనా? అది ఉన్నవాడే ఇంత అవస్థ పడితే లేనివాడి గతేమిటని చదివేవాడు లెక్కేసుకుంటాడు. వేసుకోనీ.

ఈ జబ్బు నీది కాదులే, సంపాదకులు అంటించింది. వాళ్లకి ఆదివారం ఆదివారం 'స్ఫూర్తి' కావాలి. ఒకసారి చీరాల చీరల వ్యాపారి మీద రాశాను. ఆయన మొదటి మగ్గాలు భార్య గాజులు తాకట్టు పెట్టి కొన్నవి. అచ్చులో ఆ పేరా ఎగిరిపోయింది. దాని చోట 'పట్టుదలే పెట్టుబడిగా' అని వచ్చింది, కింద నా పేరు! అదేమిటంటే, పాఠకుడు నిరుత్సాహపడతాడట.

నా సంగతే చూడు. సన్మానపత్రాల్లో కలాన్నే నమ్ముకుని బతికినవాడని రాస్తుంటారు. కలం నాకు కాఫీ ఖర్చులు కూడా ఇవ్వలేదు. మా ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పేది. అద్దె, పాలు, నా తెల్లకాగితాలు అన్నీ ఆ జీతంలోంచే. పత్రికలవాళ్లు పారితోషికం ఎప్పటికో పంపేవాళ్లు, అదీ పంపితే. ఆవిడ పేరు ఒక్క సన్మానపత్రంలోనూ లేదు. అందుకే నువ్వు జేక్ భార్య డోనాని 'భార్య సహకారంతో' అంటూ దాటేస్తే ఊరుకోలేకపోయాను. కంపెనీ యూరప్ వ్యాపారం మొదలుపెట్టడానికి ఆ దంపతులు ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్ వెళ్లి కాపురం పెట్టారు. తర్వాత్తర్వాత సీఈవో అయిందీ ఆవిడే. కనీసం ఒక పేజీ ఆవిడకివ్వు.

ఇక 1979 మిషిగన్ పోటీ. 'విజేతగా నిలిచాడు' అన్నావు. ఎవరి మీద? అది స్నర్ఫర్ పోటీ. స్నర్ఫర్‌ని షెర్మన్ పాపెన్ అనే ఆయన 1965లో మస్కీగన్‌లో, కూతుళ్ల ఆటకోసం రెండు స్కీలు కలిపి బిగించి తయారుచేశాడు. కాళ్లకి పట్టీలుండవు, పట్టుకోడానికి ముందు తాడుంటుంది. జేక్ మాత్రం పట్టీలు బిగించిన సొంత బోర్డుతో వెళ్లాడు. కుదరదని కొందరు అభ్యంతరం చెప్పారు. చివరికి వేరే విభాగం పెట్టి ఆడనిచ్చారు. అందులో దిగింది ఆయనొక్కడే, గెలిచిందీ ఆయనొక్కడే! ఇంత నవ్వొచ్చే ముక్కని దాచేస్తావా? తానొక్కడే ఆడే ఆటకి సరుకు చేసి అమ్మబోతున్నాడన్నమాట. పైగా జారడానికి కొండ కూడా లేదు, స్కీ రిసార్టులు రానివ్వలేదు. స్ట్రాటన్ రిసార్టువాళ్లు ఒప్పుకున్నది 1983లో. అప్పటిదాకా అప్పులవాళ్లకి ఏం చెప్పి ఉంటాడో ఆలోచించావా?

బట్టల దగ్గరైతే 'ఫ్యాషన్ రంగంలోనూ కాలుమోపి' అనేశావు. స్నోబోర్డర్ మంచులో చతికిలబడి వెనక కాలు పట్టీలో బిగించుకుంటాడు. పిర్రల దగ్గర, మోకాళ్ల దగ్గర తడి దిగని గుడ్డ కావాలి. కుట్లలోంచి నీరు రాకుండా లోపల టేపు అంటించాలి. వంగి లేవడానికి వదులుండాలి. ఫ్యాషన్ ఆ తర్వాతి మాట. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌కి వాళ్లిచ్చిన ప్యాంట్లు చూడ్డానికి వెలిసిన జీన్స్, నిజానికి గోర్-టెక్స్ అనే నీళ్లు దిగని గుడ్డ. ఆ ఒక్క ప్యాంటు మీదే రెండు పేజీలు రాయొచ్చు.

2019లో ఆయన క్యాన్సర్‌తో పోయిన చోట మంచు మీద కవిత్వం రాశావు. కొట్టేయ్.

పుస్తకం ఎప్పుడు వేసుకోవాలి, ముందుమాట ఎవరిచేత రాయించుకోవాలి అని అడిగావు. ముందు ఇది తిరగరాసి పంపు. ఈసారి కూడా నోట్సు జతచెయ్యి, వ్యాసం కంటే అదే బాగుంటోంది.

ఆశీస్సులతో.