పై స్వరాలు పలకాలంటే ఏ మౌత్‌పీస్ కొనాలి?

మీ ప్రశ్న: "అనంతపురంలో చర్చి బ్యాండులో రెండేళ్లుగా ట్రంపెట్ వాయిస్తున్నాను. వాయిద్యంతో పాటు వచ్చిన 7సి కొలత మౌత్‌పీసే వాడుతున్నాను. నాదం పల్చగా ఉంటోంది. స్వరలిపిలో అయిదు గీతల పైన కూర్చునే జి దాటితే స్వరం పీక నొక్కినట్టు వస్తోంది. ఏ మౌత్‌పీస్ కొంటే రెండూ బాగుపడతాయి?"

కడపలో పెళ్లి బ్యాండులో ఇరవై రెండేళ్లు ట్రంపెట్ వాయించాను. మౌత్‌పీసుల మీద నేను తగలేసిన డబ్బు పోగేస్తే ఇంకో ట్రంపెట్ వచ్చేది. ఆ ఖర్చు అయినా మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

మీరు కోరుతున్న రెండూ ఒక మౌత్‌పీసులో కలిసి రావడం కష్టం. మౌత్‌పీసులో పెదవులు ఆనే గిన్నెలాంటి భాగమే కప్పు. దాని లోతు తగ్గితే శబ్దం పదునెక్కుతుంది, పై స్వరాలు కాస్త సులువవుతాయి, కానీ నాదం ఇంకా పల్చబడుతుంది. లోతు పెరిగితే నాదం నిండుతుంది, పైకి వెళ్లడానికి శ్రమ పెరుగుతుంది. మీకు ఇప్పటికే నాదం పల్చగా ఉందంటున్నారు కాబట్టి, పై స్వరాల ఆశతో లోతు తక్కువది మాత్రం కొనకండి.

నేను కొన్నాను. ఒక పెళ్లిళ్ల సీజనులో, మే నెల ఎండల్లో, బొటనవేలి గోరంత లోతున్న కప్పుతో ఒకటి తెప్పించుకున్నాను. ఇంట్లో వాయిస్తే నా అంతటివాడు లేడనిపించింది. ఆ రాత్రి ఊరేగింపు ఏడు రోడ్ల కూడలి దగ్గర మొదలైంది. మూడు పాటలు ఆకాశంలో వాయించాను. నాలుగో పాటకు పెదవి వాచింది. వాచిన పెదవి కప్పులోకి ముందుకు జరిగి అడుగుకు తగిలింది. కదలడానికి చోటు లేని పెదవి మోగదు కదా, ట్రంపెట్‌లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మిగిలిన దారంతా వాల్వులు నొక్కుతూ వాయిస్తున్నట్టు నటించాను. క్లారినెట్ వాయించే పెద్దాయన పాట మోస్తూనే వెనక్కి తిరిగి ఒక చూపు చూశాడు. టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు "బూర కొన్నావా నాయనా, ఈల కొన్నావా?" అన్నాడు.

ఆ అవమానంతో రెండో చివరకు పరుగెత్తాను. వెడల్పు కప్పున్న 1½సి కొన్నాను. బాక్ కంపెనీ కొలతల ప్రకారం 7సి లోపలి వ్యాసం 16.2 మిల్లీమీటర్లు, 1½సిది 17. తేడా మిల్లీమీటరు కూడా లేదు, పెదవికి మాత్రం జానెడు అనిపిస్తుంది. నాదం నిజంగానే గుడి గంటలా నిండింది. అరగంట గడిచేసరికి పెదవి చివరల కండరాలు చేతులెత్తేశాయి. రోజూ కచేరీ హాల్లో సాధన చేసేవాళ్లకు అది సరిపోతుంది. నాలుగు గంటలు నడుస్తూ వాయించేవాడికి కాదు.

చివరికి 3సి దగ్గర ఆగాను. మీరు కొనాలనే అనుకుంటే 5సి, 3సి రెండూ చూడండి. వ్యాసాలు 16.25, 16.3, అంటే 7సికి చాలా దగ్గర. తేడా తెలిసేది ఎక్కువగా అంచులో. 7సి అంచు లోపలివైపు కాస్త పదునుగా ఉంటుంది. స్వరం ఎత్తుకోవడం స్పష్టంగా వస్తుంది గానీ, గట్టిగా అదిమి వాయించే అలవాటున్నవాళ్లకు పెదవి కోసుకుపోతున్నట్టుంటుంది.

అంకెలతో జాగ్రత్త. బాక్‌లో అంకె తగ్గేకొద్దీ కప్పు వెడల్పు పెరుగుతుంది, అక్షరం ఏ నుంచి ముందుకు వెళ్లేకొద్దీ లోతు తగ్గుతుంది. యమహాలో రెండూ తలకిందులు: అంకె పెరిగితే వెడల్పు, అక్షరం ముందుకు వెళ్తే లోతు. యమహా 11బి4, బాక్ 10½సి ఇంచుమించు ఒకటేననుకుని కొన్నవాణ్ని చూశాను. నిజానికి 11బి4 మీ 7సి కంటే కూడా కొంచెం వెడల్పు. మీరట్‌లో తయారై మన బ్యాండులకు వచ్చే వాటి మీద బాక్ అంకెలే చెక్కుతారు. ఒకే అంకె ఉన్న రెండింటిని పక్కపక్కన పెట్టి వేలితో అంచు తడిమి చూడండి, అన్నదమ్ములే గానీ కవలలు కారు. వాటిలో మంచివి ఉంటాయి, అంకెను నమ్మి కాకుండా పెదవికి ఆనించి ఎంచుకోవాలి.

అసలు కొనడానికి ముందు ఒకటి చూడండి. ప్రొద్దుటూరు నుంచి ఒక కుర్రవాడు నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాడు. అతనిదీ మీ ఫిర్యాదే, పల్చటి నాదం. మౌత్‌పీస్ పట్టుకుని కదిపితే వదులుగా ఊగింది. బయటికి తీస్తే ట్రంపెట్‌లోకి దూరే దాని కాడకు నాలుగు చుట్లు కాగితం చుట్టి ఉంది, తడిసి నల్లబడింది. అది ట్రంపెట్‌ను పోలిన కార్నెట్ అనే బూర మౌత్‌పీస్. దాని కాడ సన్నం కాబట్టి ట్రంపెట్‌లో బిగుసుకోదు. సరైన కాడ ఉన్న పాతదొకటి ఇచ్చాను. ఆ సాయంత్రమే నాదం మారింది, ఒక్క రూపాయి ఖర్చు లేదు. మామూలుగా ట్రంపెట్ మౌత్‌పీస్ సుమారు అంగుళం లోపలికి వెళ్లి గట్టిగా నిలవాలి.

పై స్వరాల సంగతికి వస్తే, వాయించాక అద్దంలో చూసుకోండి. పెదవి మీద ఎర్రటి గుండ్రటి గాడి చాలాసేపు పోకపోతే మీరు గాలితో కాక చేతులతో పైకి వెళ్తున్నారు. అలా అదిమితే పెదవికి రక్తం అందదు. వాల్వులు ముట్టకుండా పెదవితోనే కింది స్వరం నుంచి పైదానికి, మళ్లీ కిందికి జారుతూ రోజూ ఇరవై నిమిషాలు, అదీ మెల్లగా వాయించండి. నాకు జి దాటి సి దాకా నిలకడ వచ్చింది 3సి కొన్నాక కాదు, ఆ సాధన మొదలుపెట్టిన ఏడాదికి. విసుగు పుట్టించే పనే, ఇంట్లోవాళ్లకు మరీను.

కొత్తది తెచ్చుకుంటే దుకాణంలో పై స్వరం పలికించి మురిసిపోకండి. గంట వాయించి అలసిన పెదవితో, కింది స్వరాలను సన్నగా నిలిపి చూడండి. ఎవరినైనా ఇరవై అడుగుల దూరంలో ఎదురుగా నిలబెట్టి వినమనండి, వాయించేవాడి చెవికి వినిపించే నాదం వేరు. రెండు వారాలు అదొక్కటే వాడండి. పూత పోయి ఇత్తడి బయటపడిన పాతది మాత్రం వద్దు, పెదవి దురద పెడుతుంది. ఎండలో వాయిద్యం పక్కన పెట్టాల్సి వస్తే మౌత్‌పీస్ జేబులో వేసుకోండి. మే నెల మధ్యాహ్నం మరిచిపోయి ఆనించాను ఒకసారి, రెండు రోజులు మజ్జిగ తాగడమూ కష్టమైంది.

మీ ట్రంపెట్ ఏ కంపెనీదో, మౌత్‌పీస్ ఎంత లోపలికి వెళ్తోందో, పెదవి మీద గాడి ఎంతసేపు ఉంటోందో రాయండి. 5సినా 3సినా అన్నది అప్పుడు చెప్తాను.