ర్యాలీకి వెళ్తే వీసా పోతుందా?

ప్రశ్న: అమెరికాలో ఎఫ్‌-1 వీసా మీద మాస్టర్స్ చేస్తున్నానండీ. మా క్యాంపస్‌లో వారం వారం ఏదో ఒక నిరసన జరుగుతూనే ఉంది, ఫ్రెండ్స్ రమ్మంటున్నారు, నాకూ వెళ్లాలనే ఉంది. ఇంట్లో చెబితే "నీకెందుకురా అవన్నీ, చదువుకోడానికి వెళ్లావు" అని నాన్న ఒకటే గోల. మాట్లాడే హక్కు ఇక్కడ అందరికీ ఉంది కదా, ప్లకార్డు పట్టుకుని ప్రశాంతంగా నిలబడితే ఏమవుతుంది? – పేరు వద్దన్న విద్యార్థి

జవాబు: హక్కు ఉంది, అందులో అనుమానం లేదు. అమెరికాలో నివసించే విదేశీయులకు కూడా వాక్‌స్వాతంత్ర్యం ఉందని అక్కడి సుప్రీంకోర్టు 1945లోనే చెప్పింది. అలాగని మీ నాన్నగారి టెన్షన్‌ని తీసిపారేయలేం. ఎందుకంటే మిమ్మల్ని జైల్లో పెట్టాలంటే ప్రభుత్వం కోర్టుకెళ్లి నేరం రుజువు చేయాలి, వీసా రద్దు చేయడానికి మాత్రం ఆ అవసరం లేదు. అరెస్టు రికార్డు ఒక్కటి చాలు, శిక్ష పడకపోయినా, చివరికి కేసే కొట్టేసినా, ఈలోపు 'మీ వీసా రద్దయింది' అని ఒక ఈమెయిల్ వచ్చేయొచ్చు. వీసా రద్దయిన క్షణాన దేశం వదిలి వెళ్లాలనేం లేదు గానీ, ఒకసారి బయటికి వెళ్తే తిరిగి రావడానికి మళ్లీ కొత్త వీసా కావాలి, పైగా ఆ రద్దునే కారణంగా చూపించి డిపోర్టేషన్ కేసు మొదలుపెట్టొచ్చు కూడా.

2025 మార్చిలో కొలంబియా యూనివర్సిటీ నిరసనల్లో ముందు నిలబడిన ఒకాయన్ని అరెస్టు చేశారు గుర్తుందా? ఆయనది స్టూడెంట్ వీసా కూడా కాదు, గ్రీన్‌కార్డు. నేరం ఏదీ మోపలేదు, విదేశాంగ విధానానికి ఆయన ఉనికి ఇబ్బంది అని చెప్పి, వాడుకలో పెద్దగా లేని ఒక ఇమిగ్రేషన్ సెక్షన్ బయటికి తీసి, లూసియానాలో మూడు నెలలకు పైగా నిర్బంధించారు. అదే ఏడాది సెప్టెంబరులో బోస్టన్ ఫెడరల్ జడ్జి ఒకరు, ఇలా అభిప్రాయాలను బట్టి విద్యార్థుల్నీ ప్రొఫెసర్లనీ లక్ష్యం చేసుకోవడం రాజ్యాంగ విరుద్ధమన్నారు. మంచి తీర్పే, కాదనను. కానీ అది వచ్చేలోపు పోయిన సెమిస్టర్‌ని ఏ జడ్జీ తిరిగి ఇవ్వలేరు.

మీలాంటివాళ్లు అస్సలు లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటుంది, పోలీసులతో సంబంధమే లేనిది. యూనివర్సిటీ నియమాలు మీరారని మిమ్మల్ని సస్పెండ్ చేశారనుకోండి, అప్పుడు మీరు ఫుల్‌టైం విద్యార్థి కాకుండా పోతారు, ఆ సంగతి విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లో నమోదవుతుంది, దాంతో అక్కడ చట్టబద్ధంగా ఉండే స్టేటస్ పోతుంది. మీ అమెరికన్ క్లాస్‌మేట్‌కి అదే సస్పెన్షన్ అంటే ఒక సెమిస్టర్ ఇంట్లో కూర్చోవడం, అంతే. ఇద్దరూ పట్టుకున్నది ఒకే ప్లకార్డు.

కాబట్టి వెళ్లాలనుకుంటే వెళ్లండి, నేను వద్దనను. అనుమతి ఉన్న చోటికి, అనుమతి ఉన్న టైంకి వెళ్లండి. భవనాల్లోకి చొరబడటం, టెంట్లు వేయడం, రోడ్డు దిగ్బంధించడం మీ పని కాదు. పోలీసులు మైకులో 'వెళ్లిపోండి' అని చెప్పగానే వెళ్లిపోండి, తర్వాత ఏం జరుగుతుందో చూద్దామని ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, అది శాంతియుత నిరసనే అయినా ఆ మాట తర్వాత అక్కడ నిలబడి ఉండటమే నేరం అవ్వొచ్చు. పట్టుకుంటే పేరు చెప్పి, లాయర్ వచ్చాకే మాట్లాడతానని చెప్పి ఊరుకోండి. 'చిన్న జరిమానా కట్టి ఒప్పేసుకో, సాయంత్రానికి ఇంటికెళ్లిపోతావ్' అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు చూడండి, అక్కడ జాగ్రత్త. క్రిమినల్ కోర్టులో చిల్లర విషయం అనిపించే ఆ ఒప్పుకోలు ఇమిగ్రేషన్ దగ్గర శిక్ష పడినట్టే లెక్కకొస్తుంది. అందుకే నేరం ఒప్పుకునే ముందు డిపోర్టేషన్ ముప్పు గురించి లాయర్ చెప్పి తీరాలని అక్కడి సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. మీ లాయర్ చెప్పకపోతే మీరే అడగండి.

ఇక మళ్లీ వీసాకి వెళ్లినప్పుడు నింపే డీఎస్‌-160 ఫారంలో 'ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, క్షమాభిక్ష దొరికినా సరే' అని ఒక ప్రశ్న ఉంటుంది. కేసు కొట్టేశారు కదా అని 'లేదు' అని టిక్ పెట్టారో, అరెస్టు కంటే ఆ అబద్ధమే పెద్ద నేరమై కూర్చుంటుంది.

ప్రశ్న: నేను గల్ఫ్‌లో పనిచేస్తున్నాను సార్. మా రూమ్‌వాళ్లంతా మన దేశంలో జరిగిన ఒక విషయం మీద ఇక్కడ ఊరేగింపు తీద్దామంటున్నారు. ఇక్కడి ప్రభుత్వాన్ని ఒక్క మాట అనట్లేదు, మన గొడవ మనది. అయినా ప్రమాదమా?

జవాబు: వెళ్లకండి. పైన విద్యార్థికి 'జాగ్రత్తగా వెళ్లండి' అన్నాను, మీకు ఆ మాట కూడా చెప్పను. 2024 జులైలో బంగ్లాదేశ్ కార్మికులు యూఏఈ వీధుల్లోకి వచ్చింది సరిగ్గా ఇలాగే, తమ దేశ ప్రభుత్వం మీద కోపంతోనే. కొద్ది రోజుల్లోనే 57 మందికి శిక్షలు పడ్డాయి: ముగ్గురికి యావజ్జీవం, ఒకరికి 11 ఏళ్లు, మిగతా 53 మందికి పదేసి ఏళ్లు. వీడియోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం కూడా అభియోగాల్లో ఉంది. సెప్టెంబరులో యూఏఈ అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టి ఇంటికి పంపించారు, అది వాళ్ల అదృష్టం, దాన్ని నమ్ముకుని ఎవరూ రోడ్డెక్కకూడదు. కువైట్‌లోనూ 2022 జూన్‌లో, భారతదేశంలో ఎవరో అన్న మాటల మీద నిరసన తెలిపిన విదేశీయుల్ని పట్టుకుని డిపోర్ట్ చేస్తామని ప్రకటించారు. ఎవరి గురించి నినాదం ఇచ్చారన్నది అక్కడ ఎవరికీ పట్టదు, గుంపు కట్టడమే తప్పు. రూమ్ వాట్సాప్ గ్రూపులో 'ఫలానా చోటికి రండి' అన్న మెసేజ్‌ని ఫార్వర్డ్ కూడా చేయొద్దు.

ప్రశ్న: నినాదాలు ఇవ్వను, పక్కన నిలబడి చూస్తా, అంతే. అదీ తప్పేనా?

జవాబు: దేశాన్ని బట్టి. సింగపూర్‌లో సభలకు కేటాయించిన హాంగ్ లిమ్ పార్కులో నిరసన జరుగుతుంటే విదేశీయులు అక్కడ ఉండనే కూడదు, 2017లో చట్టం మార్చాక చూడటానికి నిలబడ్డా ఇబ్బందే. మెక్సికో రాజ్యాంగంలో 33వ అధికరణం విదేశీయులు దేశ రాజకీయ వ్యవహారాల్లో ఏ రకంగానూ జోక్యం చేసుకోకూడదంటుంది. జర్మనీలో ప్రదర్శనకు వెళ్లొచ్చు గానీ గుర్తుపట్టకుండా ముఖం కప్పుకుంటే కేసు.

మన దేశమేం తక్కువ కాదు. పౌరసత్వ సవరణ చట్టం మీద నిరసనల్లో కనిపించారని 2019 డిసెంబరులో ఐఐటీ మద్రాసులోని ఒక జర్మన్ కుర్రాణ్ని, ఆ తర్వాత కొద్ది నెలలకు జాదవ్‌పూర్ యూనివర్సిటీలోని ఒక పోలండ్ అబ్బాయిని దేశం వదిలి వెళ్లమన్నారు. జర్మన్ కుర్రాడు వెంటనే విమానం ఎక్కేశాడు. పోలండ్ అబ్బాయి కోర్టుకెళ్లాడు, 2020 మార్చిలో కలకత్తా హైకోర్టు ఆ నోటీసు కొట్టేసింది. నోటీసు చేతికొస్తే సూట్‌కేసు సర్దే ముందు లాయర్‌కి ఫోన్ చేయమని నేను పదే పదే చెప్పేది అందుకే.