చెయ్యి ఆగిన చోటు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బ్యాంకు నుండి సత్యనారాయణపురంలోని ఇంటికి చేరేసరికి రాత్రి ఏడున్నర దాటుతుందనీ, భోజనమైన తరువాత ఎప్పటివో ‘అమృతం’ హాస్య ధారావాహిక భాగాలనే మళ్ళీ మళ్ళీ చూస్తున్నావనీ, ఆదివారం పూట గళ్ళనుడికట్టు పూరించటం, మేడ మీది మల్లె కుండీలకు నీళ్ళు పోయటం తప్ప నీకంటూ మరొక వ్యాపకం లేదనీ వ్రాశావు. వీటిలో ఏమున్నదని ఇంత కాలం వెచ్చిస్తున్నానన్న సందేహం నిన్ను పీడిస్తున్నదన్నావు. నేను పండితుణ్ణి కాను. 1986 నుండి దాదాపు ముప్పై ఏళ్ళు గుంటూరులో టీవీలు బాగుచేసి బ్రతికినవాణ్ణి. అయితే బ్రాడీపేటలోనూ అరండల్‌పేటలోనూ నేను మెట్లెక్కని వీధి లేదు కనుక, ఎవరి ఇంట్లో ఏ కార్యక్రమం వేళకు టీవీ మూగపోతే ఎంత గగ్గోలు పుడుతుందో బాగా ఎరుగుదును. ఆ ఎరుకతోనే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక ఇంటి సంగతి చెబుతాను. అది 1988వ సంవత్సరం. దూరదర్శన్‌లో రామాయణం ధారావాహిక ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చే రోజులు. బొమ్మ పైకి దొర్లిపోతున్నదని అరండల్‌పేటలోని ఒక పెద్దావిడ ఇంటి నుండి ఎనిమిది గంటలకే మనిషి వచ్చాడు. నేను వెళ్ళి, వెనుక మూత విప్పి, బ్రష్షుతో దుమ్ము దులిపి, బొమ్మ దొర్లకుండా పట్టి ఉంచే వర్టికల్ హోల్డ్ సరిచేసి బొమ్మను నిలబెట్టేసరికి గదినిండా వీధి పిల్లలు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ధారావాహిక అంతా హిందీ. ఆవిడకూ హిందీ రాదు, ఆ పిల్లలకూ రాదు. ఆవిడ టీవీ పక్కనే పీట వేసుకుని, తెర వైపు కాక పిల్లల వైపు తిరిగి కూర్చుని, అక్కడ ఒక పాత్ర ఒక మాట అంటే తాను నాలుగు మాటలు చేర్చి తెలుగులో కథ చెప్పసాగింది. జూలై 31న ఆ ధారావాహిక పూర్తయింది. తరువాత రెండు వారాలకు యాంటెన్నా గొట్టం వంగిందని పిలిస్తే మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. అదే తొమ్మిదిన్నర వేళకు, కట్టేసి ఉన్న టీవీ పక్కన, అదే పీట మీద కూర్చుని ఆవిడ పిల్లలకు భారతం మొదలుపెట్టి ఉన్నది. దూరదర్శన్ వారు మహాభారతం మొదలుపెట్టినది అక్టోబరు 2న. అప్పటికి ఆవిడ పాండవులను అరణ్యవాసానికి పంపించి ఉంటుంది.

ఆవిడకు టీవీలో దొరికినది రామకథ కాదు, అది ఆవిడకు ఎప్పుడో తెలుసు. కథ చెప్పగల తన నోటికి కొంతమంది శ్రోతలు దొరికారు. దర్శకుడు ఏమి చెప్పదలచాడన్న ప్రశ్న పత్రికల్లో సమీక్షలు వ్రాసేవారికి పనికివస్తుంది కానీ నీకు పెద్దగా ఉపయోగపడదని అప్పటి నుండి నా అభిప్రాయం. నీవు చూడవలసినది మరొకటి ఉన్నది. కార్యక్రమం సాగుతుండగా అన్నం కలుపుతున్న నీ చెయ్యి ఏ ఘట్టం దగ్గర ఆగిపోతున్నదో గమనించు. నవ్వు వచ్చిన చోటు వేరు, చెయ్యి ఆగిన చోటు వేరు. రెండవదానిని ఒక పాత డైరీలో ఒక్క వాక్యంగా, ఏ వ్యాఖ్యానమూ చేర్చకుండా వ్రాసి పెట్టుకో. పది పన్నెండు వాక్యాలు పోగయ్యేవరకు వాటికి అర్థం వెదకవద్దు.

ఇది నేను చేసి చూసినదే. ఈటీవీలో 1996లో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుండి దానికి నేను బానిసనయ్యాను. సంగీతంలో నాకు శ్రుతికీ లయకూ తేడా తెలియదని మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది. మరి ఎందుకు చూస్తున్నానో నాకే బోధపడేది కాదు. కొన్నాళ్ళు గమనించగా, పిల్లలు పాడుతున్నప్పుడు కాక, పాట అయిపోయిన తరువాత బాలసుబ్రహ్మణ్యం గారు మాట్లాడుతున్నప్పుడు నా చెయ్యి ఆగుతున్నదని తెలిసింది. ఆయన ముందు బాగున్నదానిని చెప్పి, ఆ పైన తప్పిన చోటును తానే పాడి చూపించి, ఆ పిల్లవాడి ముఖం వాడిపోకుండా కూర్చోబెట్టేవారు. ఆ రోజుల్లో నా దుకాణంలో పని నేర్చుకునే కుర్రవాడొకడు ఉండేవాడు. తొందరపాటులో ఒకసారి, టీవీలో కొత్తగా వేసిన ఈ.హెచ్.టి. (బొమ్మ గొట్టానికి అధిక వోల్టేజి ఇచ్చే భాగం) కాల్చివేస్తే, నలుగురు ఖాతాదారుల ఎదుట వాడిని నానా మాటలూ అన్నాను. వాడు తల వంచుకుని, సోల్డరింగ్ ఐరన్‌ను స్టాండులో పెట్టి, స్విచ్చి కట్టి మరీ బయటికి వెళ్ళాడు. మరునాడు రాలేదు, ఆ తరువాతా రాలేదు. ఆ స్విచ్చి కట్టటం నాకు ఇంకా గుర్తున్నది. టీవీ ముందు నేను ఎందుకు ఆగుతున్నానో ఆలోచించి తెలుసుకునేసరికి మరో ఏడాది గడిచింది. తరువాత వచ్చిన కుర్రవాళ్ళకు ఏ తప్పు చెప్పవలసి వచ్చినా, ఖాతాదారు వెళ్ళేవరకు ఆగి, పాడైన భాగాన్ని బల్ల మీద పెట్టి, ముందు తీగ అతికిన తీరు బాగున్నదని చెప్పి మొదలుపెట్టేవాణ్ణి. ప్రతిసారీ కుదిరిందని అనను. నా కోపం నీకు తెలియనిది కాదు.

ఇక ‘అమృతం’ సంగతి. అది 2001 నుండి 2007 వరకు జెమినీ టీవీలో ఆదివారం రాత్రి వచ్చేది. ఇద్దరు మిత్రులు హోటలు నడుపుతూ ఎప్పటికప్పుడు ఏదో ఒక ఉపాయం పన్నటం, అది బెడిసికొట్టటం, మళ్ళీ వారం అదే హోటలు అదే బల్లలతో తెరిచి ఉండటం. ఆ ఇద్దరిలో అంజిగా వేసిన గుండు హనుమంతరావు గారు మీ విజయవాడ వాడేనని మీ అమ్మ ఎప్పుడూ గర్వంగా చెబుతుంది. అదే ధారావాహికలో ఆ మిత్రుల భార్యలైన శాంత, సంజీవినిల మాటలకు మీ అమ్మ ఆగుతుంది. నా ఇంటి యజమాని ఒకాయన, ఆ కథలో అన్యాయానికి గురైనవాడు ఇంటి యజమాని అప్పాజీ ఒక్కడేనని, అద్దె అడగటం కూడా హాస్యమైపోయిందని ఈనాటికీ వాదిస్తాడు. నీవు ఎక్కడ ఆగుతున్నావో నేను ఊహించి చెప్పను. చెబితే నీవు దానికే ఒప్పుకుని కూర్చుంటావు. ఒక్క సలహా మాత్రం ఇస్తాను. నచ్చిన భాగాన్ని ఒకసారి మీ అమ్మ పక్కన కూర్చుని చూడు. ఆమె ఆగే చోటు నీవు ఆగే చోటు కాదని గ్రహించినప్పుడే నీది నీకు స్పష్టంగా కనిపిస్తుంది.

చూసే పద్ధతి గురించి ఒక మాట. ఆ రోజుల్లో ఒక భాగానికీ మరొక భాగానికీ నడుమ వారం ఉండేది. ఆ వారమంతా వీధి అరుగుల మీద, పంపు దగ్గర, కిళ్ళీ కొట్టు ముందు జనం దానిని నెమరువేసేవారు. ఇప్పుడు ఫోనులో ఒక భాగం ముగియకముందే తరువాతిది తనంతట తానే మొదలవుతుంది. ఆ సదుపాయాన్ని ఆపివేయి. రాత్రికి ఒక్కటే చూసి, వెంటనే లేచి గిన్నెలు కడుగు. ఆ గిన్నెల దగ్గర గుర్తుకు వచ్చిన ముక్కనే డైరీలో వ్రాయి. గుర్తుకు రానిదానిని వెనక్కి వెళ్ళి వెదకవద్దు. రోజూ వచ్చే సీరియళ్ళ విషయంలో నేను కఠినుణ్ణి: రేపు ఏమవుతుందోనన్న ఆత్రుత తప్ప మరేమీ మిగలకపోతే, ఒక వారం మానివేసి చూడు. తేడా తెలియకపోతే దానిని వదిలివేయవచ్చు.

మళ్ళీ చూడటాన్ని మాత్రం తప్పుపట్టవద్దు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ దూరదర్శన్ వారు ఆ రామాయణాన్నే తిరిగి ప్రసారం చేసినప్పుడు నేనూ మీ అత్తయ్యా కూర్చుని చూశాము. వెనుకటి రోజుల్లో యుద్ధం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసినవాణ్ణి, ఈసారి దశరథుడి దగ్గర లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. మా అబ్బాయి అప్పటికి డల్లాస్‌లో చిక్కుకుపోయి ఉన్నాడు.

నీ గళ్ళనుడికట్టు, మల్లెల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అక్కడా చూడవలసినది అదే. నుడికట్టు పూర్తి చేసిన తరువాత నీకు ఇష్టమా, చివరి రెండు గళ్ళు మిగిలి సాయంత్రం వరకు బుర్ర తొలుస్తున్నప్పుడు ఇష్టమా? మొక్కకు నీరు పోయటం ఇష్టమా, జనవరిలో ఆకు దూసి కొమ్మ కత్తిరించి మొండి కుండీల వంక చూస్తూ వేసవి మొగ్గల కోసం కాచుకోవటం ఇష్టమా? నేను దుకాణం మూసిన తరువాత పాత వాల్వు రేడియోలు బాగుచేయటం మొదలుపెట్టినప్పుడు అది చేతిపని మీది మక్కువ అనుకున్నాను. స్విచ్చి వేశాక వాల్వులు వేడెక్కి, దీపం పసుపు రంగుకు తిరిగి, మెల్లగా గొంతు వినిపించేవరకు పట్టే ఆ అర నిమిషం కోసమే చేస్తున్నానని రెండేళ్ళకు కానీ తెలియలేదు. మా నాన్నగారు ఆకాశవాణి విజయవాడ కేంద్రం పలికేవరకు మా అందరినీ చెయ్యెత్తి నిశ్శబ్దంగా కూర్చోబెట్టేది ఆ అర నిమిషమే.

అన్నిటికీ అర్థం తీయాలని పట్టుబట్టవద్దు. రోజంతా కౌంటరు దగ్గర పాసుపుస్తకాలతో, సంతకం కలవని చెక్కులతో తల వాచిపోయిన మనిషి రాత్రి నవ్వుకుని పడుకుంటే, ఆ రోజుకు డైరీ ఖాళీగానే ఉండనివ్వు.

వచ్చే నెల మీ అమ్మతో కలిసి వచ్చేటప్పుడు ఆ డైరీ తీసుకురా. నాది కూడా చూపిస్తాను. మీ అటక మీద తాతయ్య మర్ఫీ రేడియో ఉండాలి, దానిని కూడా పాత దుప్పటిలో చుట్టి కారు వెనుక సీటులో పెట్టండి. వెనుక అట్ట మాత్రం విప్పవద్దు, వాల్వులు కదిలితే పగులుతాయి.

ఇట్లు
మీ మామయ్య,
బ్రాడీపేట, గుంటూరు.