టోలుయిన్ మంట ప్రమాదం కేటగిరీ 2నా, 3నా?

టోలుయిన్ (పెయింట్లు, థిన్నర్లలో వాడే ద్రావకం) భద్రతా పత్రంలో మండే ద్రవం కేటగిరీ 2 అని, డ్రమ్ము మీది రంగుల డైమండ్‌లో ఎర్ర గడిలో 3 అని ఉంది, ఏది నమ్మాలని అడిగారు. రెండూ సరైనవే. లెక్కపెట్టే దిక్కే వేరు.

భద్రతా పత్రం అనుసరించేది ఐక్యరాజ్యసమితి రూపొందించిన జీహెచ్‌ఎస్ (రసాయనాల ప్రమాదాలను వర్గీకరించే) పద్ధతి. అందులో అంకె తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి పుట్టే కనిష్ఠ ఉష్ణోగ్రత) 23 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండి, మరిగే ఉష్ణోగ్రత 35 దాటితే కేటగిరీ 2. టోలుయిన్‌కి అవి సుమారు 4, 111. డైఇథైల్ ఈథర్ 35 లోపే మరుగుతుంది కాబట్టి అది కేటగిరీ 1. డ్రమ్ము మీది డైమండ్ అమెరికా అగ్ని నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి 704 ప్రమాణం. అందులో ఎర్ర గడి మంట ప్రమాదానిది, అంకెలు మాత్రం 0 నుంచి 4 దాకా, 4 అంటే అతి ప్రమాదం. అందులో టోలుయిన్‌ది 3.

4 డిగ్రీలంటే మామూలు గదిలో, ఏసీ వేసి ఉన్నా సరే, అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఆవిరి గాలి కంటే మూడు రెట్లు బరువు. నేల వెంట పాకుతూ వెళ్లి ఎక్కడో దూరాన ఉన్న నిప్పును అందుకుంటుంది. గాలిలో ఆవిరి సుమారు 1.1 శాతం ఉన్నా చాలు, అంటుకుంటుంది. పంపు చేసేటప్పుడు స్థిర విద్యుత్తు పోగవుతుంది, అందుకే డ్రమ్ముకి ఎర్తింగ్ తప్పనిసరి.

మంట ఒక్కటే చూసి ఆగిపోవద్దని నా మనవి. చర్మం మండటం, మగత, ఎక్కువ కాలం పీలిస్తే నాడీవ్యవస్థకు హాని, గర్భస్థ శిశువుకు హాని చేయవచ్చన్న అనుమానం కూడా అదే పత్రం రెండో సెక్షన్‌లో ఉంటాయి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాంతకం.