అల్లుడూ, యాసిడ్ సీసా మూత అప్పుడే తీయకు

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసి చూశాను. నువ్వు కొన్న జపాన్ రకం కత్తి బాగుంది. తడి చాపచుట్టలు, వాటర్ బాటిళ్ళు నరికావు కాబట్టి గీతలు పడ్డాయి, అందులో వింతేమీ లేదు. "మామయ్యా, గీతలు తీసేసి, కత్తి మీది అలల గీత తేలడానికి ఉక్కుని తినే ఫెరిక్ క్లోరైడ్ ఆర్డర్ పెట్టాను, శనివారం వస్తుంది, ఆదివారం ముంచేస్తాను" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ మొదలైంది. ఫోన్‌లో చెప్తే సగం విని సరే సరే అంటావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇంకో ఫోటో పెట్టావు కదా, మీ ఫ్రెండ్ గ్యారేజ్ సేల్‌లో కొన్న పాత కత్తి. దాని సంగతి చివర్లో చెప్తాను. అప్పటిదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు.

బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నేను ముప్పై ఏళ్ళు చేసింది ఇదే పని. ఉక్కు ముక్కని అద్దంలా నున్నగా చేయడం, యాసిడ్ పట్టించడం, మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటం. నూటికి రెండు పాళ్ళు నైట్రిక్ యాసిడ్, మిగతాదంతా ఆల్కహాల్. దాన్ని నైటాల్ అంటాం. పట్టించిన కొద్ది సెకన్లకే అద్దం మసకబారుతుంది, లోపల ఉక్కు ఎలా పేరుకుందో తేలుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఉప్పుకాగితంతో రుద్దే దగ్గర తొందరపడి యాసిడ్ దగ్గర ఆశపడేవాళ్ళు. మైక్రోస్కోప్‌లో చూస్తే గీతలే గీతలు, అదీ ముందుకంటే నల్లగా. నీ కత్తయినా అంతే. నువ్వు వాటర్ పేపర్‌తో, అంటే నీళ్ళతో రుద్దే ఉప్పుకాగితంతో, ఏం చేసి పెడితే యాసిడ్ దాన్నే చూపిస్తుంది.

ముందు నీ చేతిలో ఉన్నదేమిటో తెలుసుకో. చైనాలో లాంగ్‌చ్వాన్‌లో చేసిన టీ10 అనే కార్బన్ ఎక్కువున్న ఉక్కు, మట్టి పూసి కాల్చారని రాసి ఉంది అన్నావు. అది నిజమైతే అదృష్టమే. జపాన్ కమ్మరులు వెన్ను వైపు మందంగా, అంచు వైపు పల్చగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతారు. అంచు గబుక్కున చల్లారి గాజులా గట్టిపడుతుంది, దాన్ని మార్టెన్‌సైట్ అంటాం. మట్టి చాటున్న వెన్ను నిదానంగా చల్లారి మెత్తగా ఉండిపోతుంది. ఈ రెండూ కలిసే చోట పడేదే హమోన్, నువ్వు మోజుపడ్డ ఆ అలల గీత. యాసిడ్‌కి గట్టి ఉక్కు, మెత్తటి ఉక్కు ఒకేలా లొంగవు. గీత తేలేది ఆ తేడా వల్లే.

చౌక కత్తుల మీద ఈ గీతని వైర్ బ్రష్‌తో గీస్తారు, లేదా పైపైన యాసిడ్‌తో వేస్తారు. కనిపెట్టడం తేలికే. పిడి దగ్గర అంగుళం మేర 600 నంబర్ పేపర్‌తో రుద్దు (నంబర్ పెరిగేకొద్దీ పేపర్ నున్నన). దొంగ గీతయితే చెరిగిపోతుంది, ఎంత యాసిడ్ పట్టించినా తిరిగి రాదు. అసలుదీ రుద్దితే కనబడకుండా పోతుంది గానీ, కాస్త నిమ్మరసం తగలగానే మళ్ళీ తేలుతుంది. 440 స్టెయిన్‌లెస్ కత్తయితే ఈ ఉత్తరం ఇక్కడే మడిచి పెట్టెయ్, గోడకి తగిలించుకోవడానికి అది ఉన్నట్టే బాగుంటుంది.

ఇక విప్పడం. పిడిలో ఉన్న వెదురు మేకుని, అదే మెకుగిని, సన్నవైపు నుంచి చిన్న సుత్తితో తట్టు. పిడి, చేతికి అడ్డుగా ఉండే బిళ్ళ త్సుబా, కింద ఇత్తడి తొడుగు హబాకి, అన్నీ వరసగా తీసి ఒక ట్రేలో అదే వరసలో పెట్టుకో. హబాకి తీయకుండా యాసిడ్ జోలికి పోవద్దు. ఫెరిక్ క్లోరైడ్‌తోనే సర్క్యూట్ బోర్డుల మీద రాగిని తినిపిస్తారు, నువ్వు ఇంజనీరింగ్‌లో చేసే ఉంటావు. రాగినీ ఇత్తడినీ అది వదలదు.

ఇప్పుడు అసలు పని. గ్రైండరూ బఫింగ్ వీలూ వద్దు. నీ దగ్గరున్నాయని తెలుసు, అయినా వద్దు. మిషన్ కింద పల్చటి అంచు క్షణంలో వేడెక్కుతుంది. ఉక్కు మీద నీలిరంగు తేలిందంటే అక్కడ వేడి మూడు వందల డిగ్రీల దాకా పోయినట్టే. ఆ చోట గట్టిదనం పోయింది, ఇక రాదు. పైగా బఫింగ్ వీల్ పొడవాటి కత్తిని లాక్కుని విసిరేస్తుంది. అది ఎటు పోతుందో చూసే టైమ్ నీకుండదు.

కత్తి పొడవంతా ఆనేట్టు ఒక చెక్క మీద పడుకోబెట్టు. అంచు చెక్క హద్దు దాటి బయటికి రాకూడదు. పిడిలోకి దూరే భాగాన్ని గుడ్డ చుట్టి క్లాంప్‌తో బిగించు. కోత తగలని గ్లౌజులు వేసుకో. పేపర్‌ని ఎప్పుడూ చెక్కముక్కకి చుట్టే రుద్దు, వేలితో వద్దు. ఇది నా అనుభవం. కిందటేడు మీ బావ వాళ్ళ గ్యారేజీలో నేనూ ఇలాంటి కత్తే ఒకటి ముందేసుకున్నాను. ముప్పై ఏళ్ళ పనితనం అనే ధీమాతో ఒక చోట వేలితోనే లాగించేశాను. కత్తి పక్కన పొడవునా నడిచే గట్టు ఉంటుంది కదా, షినోగి, అది ఆ చోట గుండ్రంగా అరిగిపోయింది. దీపం కింద వాల్చి చూస్తే వెలుగు గీత తిన్నగా వచ్చి వచ్చి సరిగ్గా అక్కడ వంకర పోతుంది. వెళ్ళినప్పుడల్లా నా కన్ను అక్కడికే పోతుంది. అందుకే గట్టుకి ఒక వైపు రుద్దేటప్పుడు రెండో వైపు టేపు వేసెయ్. మొనని, కిస్సాకిని, మొదటిసారి వదిలెయ్. అక్కడికీ టేపే. జపాన్‌లో సానపట్టే తొగిషిలు కూడా దాన్ని వేరే పనిగా, చివర్లో చేస్తారు.

గీతలు గోరుకి తగిలితే 220 నుంచి, తగలకపోతే 400 నుంచి మొదలుపెట్టు. తర్వాత 600, 800, 1000, 1500, 2000. ఒక నంబర్‌ని ఐమూలగా రుద్దితే తర్వాతి నంబర్‌ని ఎదురు ఐమూలగా రుద్దు. పాత గీతలు అడ్డంగా కనబడుతున్నంతసేపూ ఆ నంబర్ అయిపోనట్టే. ఆఖరి నంబర్ ఒక్కటీ పొడవునా, ఒకే దిక్కుకి. నీళ్ళలో కాస్త చాకలి సోడా కలుపుకో, రుద్దుతుండగానే తుప్పు పట్టకుండా ఉంటుంది. తొగిషిలు వాడేదీ సోడా కలిపిన నీళ్ళే. మొద్దుబారిన పేపర్‌ని పొదుపు చేయకు, అది కోయడం మానేసి పైన రాసుకుంటూ పోతుంది. నంబర్ మార్చినప్పుడల్లా చెక్క, కత్తి, చేతులు కడుగు. 400 రేణువు ఒక్కటి 1500 పేపర్ కింద ఇరుక్కుంటే మళ్ళీ మొదటికొస్తావు. నాకు ఒక వైపు 400కే రెండు సాయంత్రాలు పట్టింది. ఆదివారం ఒక్కరోజులో అవుతుందనుకుంటే ఈ పని పెట్టుకోకు.

రుద్దడం అయ్యాక డిష్ సోప్‌తో కడిగి, ఆరబెట్టి, జిడ్డు పోయేలా గుడ్డని ఎసిటోన్‌లో తడిపి తుడువు. గ్యారేజ్ తలుపు తీసి ఉంచు, దగ్గర్లో మంట ఉండకూడదు. ఆ తర్వాత ఉత్తి చేత్తో ముట్టుకోవద్దు. నేను ముట్టుకున్నాను. "ఆరిందా లేదా" అని బొటనవేలు ఆనించానంతే. యాసిడ్ పట్టించిన ఒక నిమిషానికి ఉక్కు అంతా బూడిదరంగు తిరిగింది, ఆ మధ్యలో నా వేలిముద్ర, ఒక్కో గీతా విడివిడిగా, రిజిస్ట్రార్ ఆఫీసులో వేసినంత స్పష్టంగా లేచింది. మళ్ళీ 1000 నుంచి రుద్దాను.

యాసిడ్ విషయంలో నా మాట వింటే మొదట నిమ్మరసమే వాడు. వడకట్టిన రసం గోరువెచ్చగా చేసి, దూదితో పిడి నుంచి మొన దాకా ఆపకుండా రాస్తూ ఉండు. ఆగిన చోట చార పడుతుంది. రెండు మూడు నిమిషాలయ్యాక కడిగి, వంట సోడా నీళ్ళు పోసి, మళ్ళీ కడిగి ఆరబెట్టు. పైన నల్లటి మసిలా ఒక పొర ఉంటుంది. బ్రాసో లాంటి మెటల్ పాలిష్ దూది మీద వేసుకుని మెల్లగా తుడిస్తే ఆ పొర పోయి కింద గీత తేలుతుంది. మొదటిసారి పెద్దగా ఏమీ కనబడదు, నిరాశపడకు. నాకు ఆరోసారికి కంటికి ఆనింది, తొమ్మిదోసారికి అంచు మీద తెల్లవారుజామున చెరువు మీద నిలిచే మంచులా వచ్చింది.

అంతగా ఫెరిక్ క్లోరైడే కావాలంటే సీసాలో ఉన్నది అలాగే వాడకు. ఒక వంతు దానికి ఎనిమిది పది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలుపు. పొడి రకం కొంటే నీళ్ళలో వేయగానే సలసలా వేడెక్కుతుంది, అందుకే ద్రవమే నయం. కళ్ళద్దాలు, నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. ఒక్కోసారి అర నిమిషం చాలు. కడుగు, సోడా, తుడువు, మళ్ళీ పట్టించు. ఎక్కువసేపు ఉంచితే హమోన్‌లోని సన్నటి పనితనమంతా పోయి ముతక నలుపు మిగులుతుంది. మడతలు వేసి కొట్టిన డమాస్కస్ రకం కత్తులకైతే చిక్కగా, ఎక్కువసేపు పట్టించాలి. వాటిని ఒక కొస మూసిన పీవీసీ పైపు నిలబెట్టి అందులో ముంచుతారు. నీది ఆ రకం కాదు.

డమాస్కస్ అంటే గుర్తొచ్చింది. పర్షియా వర్తకులు ఒకప్పుడు మన నిజామాబాద్ వైపు కోనసముద్రం దాకా వచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవారు. ఆ ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీది నీటి అలలూ యాసిడ్ పట్టిస్తేనే తేలేవి. ఇంగ్లీషువాళ్ళు ఆ ఉక్కుకి పెట్టిన వూట్జ్ అనే పేరు మన "ఉక్కు" అనే మాట నుంచే వచ్చిందంటారు. సరే, పనిలోకి వద్దాం.

వాడిన ద్రావణాన్ని సింకులో పోయకు. నేను గ్లౌజులు మాత్రమే కడిగాను, కోడలి స్టీలు సింకు మీద గోధుమరంగు మచ్చ, అందులో సన్నటి గుంటలు పడ్డాయి. తనేమీ అనలేదు, అదే నాకు ఎక్కువైంది. ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పేరు రాసి, మీ ఊళ్ళో ఇంటి రసాయనాలు తీసుకునే చోట ఇచ్చెయ్. అల్యూమినియం గిన్నె దాని దరిదాపుల్లో ఉండకూడదు.

అయ్యాక కత్తంతా ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె పల్చగా, చూస్తే ఉందా లేదా అన్నంత పల్చగా రాయి. జపాన్‌వాళ్ళు లవంగనూనె కలిపింది వాడతారు, దొరికితే అదే వాడు. గుడ్డని వెన్ను వైపు నుంచి పట్టుకుని మొన వైపే తుడవాలి, వెనక్కి రాకూడదు. తుడిచేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకు. ఒరలో పెట్టి నెలల తరబడి మర్చిపోవద్దు, చెక్క చెమ్మ పీల్చుకుంటుంది. ఇంకో మాట, దాన్ని సంక్రాంతికి ఇండియా తెచ్చి నాకు చూపిస్తానన్నావు. ఇక్కడ కత్తులు ఆయుధాల చట్టం కిందికొస్తాయి. ఫోటో చాలు.

ఇక మీ ఫ్రెండ్ కత్తి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా సైనికులు జపాన్ నుంచి వేల కత్తులు ఇంటికి తెచ్చుకున్నారు. వాటిలో యుద్ధకాలంలో మిషన్ మీద చేసినవి ఎక్కువే గానీ, నాలుగైదు వందల ఏళ్ళ నాటివీ పిడులు మార్చుకుని అందులో ఉన్నాయి. అది అలాంటిదైతే నేను పైన రాసిన ఏ పనీ దానికి పనికిరాదు. వాటర్ పేపరూ వద్దు, నిమ్మరసమూ వద్దు. తొగిషి దాన్ని ఒక్కో రాయి మారుస్తూ, ఆఖరికి ఉచిగుమోరి అనే మెత్తటి రాతిని పల్చటి పలుకులు చేసి బొటనవేలి కింద పెట్టుకుని రుద్దుతాడు. పని చేతికి రావడానికే ఏళ్ళు పడుతుంది. పాత కత్తికి చర్మం పల్చన, ఒక్కసారి తప్పుగా రుద్దితే పోయిన ఉక్కు తిరిగి రాదు. పిడి లోపల ఉండే నకాగో మీది నల్లటి తుప్పు అంతకంటే విలువైనది. కత్తి వయసు చెప్పేది ఆ తుప్పే, కమ్మరి సంతకం ఉంటే ఉండేదీ అక్కడే. దాన్ని మెరిసేలా తోమి సగం వెల పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

అతనితో మేకు ఒక్కటి మాత్రం తీయించి, పిడి మెల్లగా లాగమను. బిగుసుకుని రాకపోతే బలవంతం చేయొద్దు. వస్తే నకాగోకి రెండు వైపులా, పగటి వెలుతురులో, కిటికీ పక్కన పెట్టి ఫోటోలు తీసి పంపించు. తుడవకుండా.

మామయ్య