3 లక్షల ఫీజు కట్టే ముందు, అక్కడ పాఠం చెప్పేది ఎవరో కనుక్కోండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పాసయ్యాడు. ఏడాది హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమాకి ఒక ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 3 లక్షలు అడుగుతున్నారు, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. నగలు కుదువపెట్టి కట్టమంటారా? – ఒక తల్లి, రాజమహేంద్రవరం

అమ్మా, ఇప్పుడే పెట్టకండి. 12 శాతం వడ్డీ అనుకున్నా 3 లక్షల మీద నెలకు 3,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. కొత్తగా చేరిన ట్రెయినీ జీతంలోంచి ఆ డబ్బు తీయడం ఎంత కష్టమో ఆలోచించండి.

హోటల్ వాళ్లు సర్టిఫికెట్ మీది బంగారు అక్షరాలు చూసి ఉద్యోగం ఇవ్వరు. కుర్రాడు టైముకి వస్తాడా, నైట్ షిఫ్ట్ అంటే మొహం మాడ్చుకోకుండా చేస్తాడా, కోపంగా ఉన్న గెస్ట్‌తో ఇంగ్లిష్‌లోనో హిందీలోనో నెమ్మదిగా మాట్లాడగలడా, కత్తి పట్టేముందు చేతులు కడుక్కునే అలవాటు ఉందా, ఇవే చూస్తారు. పుస్తకం చదివితే ఇవి రావు. ఏళ్ల తరబడి కిచెన్‌లోనో, ఫ్రంట్ ఆఫీస్‌లోనో నిలబడి పనిచేసిన మనిషి పక్కనుండి నేర్పాలి. అందుకే ఫీజు గురించి మాట్లాడేముందు ట్రైనర్ ఏ హోటల్లో ఏ పోస్టులో చేశారో, ఎప్పుడు మానేశారో అడగండి. ప్రాక్టికల్ కిచెన్ చూపించమనండి. ట్రైనింగ్‌కి ఏ హోటల్‌కి, ఎన్ని నెలలు పంపుతారో రాతపూర్వకంగా తీసుకోండి. పోయిన బ్యాచ్ పిల్లల్లో నలుగురితో మీ అబ్బాయినే ఫోన్లో మాట్లాడమనండి, ఎందుకంటే గ్యారంటీ అన్నమాట వెనక ఏ పని, ఎంత జీతం ఉన్నాయో చెప్పగలిగేది వాళ్లే. ఇవేవీ చెప్పడానికి ఇష్టపడని చోట ఒక్క రూపాయి కూడా కట్టకండి.

తక్కువ ఖర్చు దారులూ ఉన్నాయి. తిరుపతిలో ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది, హైదరాబాద్‌లో ఐహెచ్‌ఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్) ఉంది, రెండుచోట్లా ఈ ఏడాది కోర్సులు, ఫీజులు కనుక్కోండి. నాకు మాత్రం అప్రెంటిస్‌షిప్ అంటే ఎక్కువ ఇష్టం, పని నేర్చుకుంటూనే స్టైపెండ్ వస్తుంది. కేంద్రం అప్రెంటిస్‌షిప్ పథకం కింద ఆ స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 వరకు ప్రభుత్వమే భరిస్తుంది కాబట్టి పిల్లల్ని తీసుకోవడం హోటల్ వాళ్లకూ తేలికే.

అన్నీ చూశాక కూడా ఆ ఇన్‌స్టిట్యూటే బాగుందనిపిస్తే, ముందు బ్యాంకులో స్కిల్ లోన్ (పని నేర్పే కోర్సుల ఫీజుకిచ్చే అప్పు) అడగండి. 2024లో దీని పరిమితిని 1.5 లక్షల నుంచి 7.5 లక్షలకు పెంచారు, కానీ అన్ని కోర్సులకూ ఇవ్వరు, మీ కోర్సు వస్తుందో రాదో మేనేజర్‌నే అడగండి. ఫీజు మాత్రం వాయిదాల్లోనే కట్టండి, చివరి వాయిదా అబ్బాయిని హోటల్ ట్రైనింగ్‌కి పంపాకే అని ముందే రాయించుకోండి.